మైనస్ మూడుంపావుకి ఒకటిన్నర కలిపితే ముగ్గురికి మూడు జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు పక్కన నల్లపాడు. మా పాప ఏడో తరగతి. మొన్న స్లిప్ టెస్టులో −3¼ + 1½ ఎంత అని ఇచ్చారు. పాప −2¾ అని రాస్తే తప్పు కొట్టారు. ఇంటికొచ్చాక నేను కూర్చుని చేస్తే −2¼ వచ్చింది. ట్యూషన్ మాస్టారు −1¾ అన్నారట. ఎలా వచ్చిందని అడిగితే పాప చెప్పలేకపోయింది. నేను డిగ్రీ చదివాను, నాకే తేలకపోయేసరికి విసుగొచ్చి ఆ రాత్రి పాపని ఒక దెబ్బ వేశాను. ఇప్పుడు లెక్కల పుస్తకం తీయాలంటేనే టెన్షన్ పడుతోంది, ‘నాకు లెక్కలు రావమ్మా’ అంటోంది. మాకు రెండు గేదెలున్నాయి. పాల వాడిక లెక్కలన్నీ మా అత్తగారు నోటితోనే చెప్పేస్తారు. ఆవిడకి మైనస్ అంటే ఏంటో కూడా తెలియదు. ట్యూషన్ మార్చమంటారా? లేక సూత్రాలు బట్టీ పట్టించమంటారా?

జవాబు:

అమ్మా, ముందు లెక్క సంగతి. జవాబు −1¾. మాస్టారు చెప్పిందే సరైనది. అయితే పాప రాసినదీ, మీకు వచ్చినదీ గుడ్డిగా రాసిన జవాబులు కావు. ఇద్దరూ చాలా దూరం సరిగ్గానే వెళ్లి ఒక్కో చోట జారారు. విజయవాడలో పాతికేళ్లకు పైగా ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెప్పాను. ఇలాంటి లెక్క ఇచ్చినప్పుడల్లా ఆ రెండు జవాబులూ ఏటా నా ముందుకి వచ్చేవి. కాబట్టి ‘లెక్కలు రావు’ అన్న మాట పాప నోట మళ్లీ వస్తే ఒప్పుకోకండి.

మీ అత్తగారికి మైనస్ తెలియదన్నారు. బాకీ తెలుసు కదా! ఇవాళ సాయంత్రం పాలు పోయడం అయ్యాక పాపని ఆవిడ పక్కన కూర్చోబెట్టి ఈ ప్రశ్న అడగండి. ఒక వాడిక ఇంటివాళ్లు నెల డబ్బులు ముందే ఇచ్చేశారు. మధ్యలో గేదె సరిగ్గా ఇవ్వక కొన్ని రోజులు వాళ్లకి పాలు తగ్గించి పోశారు. అలా మీరు వాళ్లకి మూడుంపావు లీటర్లు బాకీ పడ్డారు. ఇవాళ పాలు బాగా వచ్చాయని, రోజూ పోసేవి కాక లీటరున్నర ఎక్కువ పోశారు. ఇంకా ఎంత పొయ్యాలి?

ఆవిడ కాగితం, పెన్ను అడగరు. ‘పావుతక్కువ రెండు లీటర్లు’ అనేస్తారు. పావుతక్కువ రెండంటే ఒకటిముప్పావు. బాకీ కాబట్టి ముందు మైనస్. మాస్టారి జవాబు అదే.

ఆవిడ ఎక్కడా తడబడకపోవడానికి కారణం ఉంది. మూడుంపావు బాకీ అన్నప్పుడు ఆ పావు కూడా బాకీయే అని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. మూడు లీటర్లు మనం వాళ్లకి పొయ్యాలి, పావు లీటరు వాళ్లే మనకి పొయ్యాలి అని ఎవరైనా అనుకుంటారా? కానీ కాగితం మీద −3¼ అని రాసేసరికి పిల్లలు సరిగ్గా అలాగే అనుకుంటారు. మైనస్ గుర్తు 3 పక్కన అంటుకుని కనిపిస్తుంది. ¼ కాస్త దూరంగా, చిన్నగా ఉంటుంది. మైనస్ మూడుకే గానీ పావుకి కాదేమో అనిపిస్తుంది. పాప చేసింది ఇదే. −3, 1 కలిపి −2 అంది, అది సరే. తర్వాత ¼, ½ కలిపి ¾ అంది. పావుని బాకీలోంచి తీసి జమలో వేసేసింది. రెండూ పక్కపక్కన పెట్టి −2¾ అని రాసింది.

ఇందులో పాప తప్పు కంటే మనం రాసే పద్ధతి తప్పే ఎక్కువ అంటాను. 3¼ అని రాసినప్పుడు మూడుకీ పావుకీ మధ్య ఒక ప్లస్ ఉంది, కంటికి కనబడదు. మన మాటలో మాత్రం వినబడుతుంది. మూడును, పావును కలిస్తేనే మూడుంపావు. పై తరగతికి వెళ్లాక 3 పక్కన ఒక అక్షరం రాస్తే గుణించమని అర్థం, మిశ్రమ భిన్నంలో పక్కన రాస్తే కూడమని అర్థం. ఈ తేడా నోరు తెరిచి చెప్పకపోతే పన్నెండేళ్ల పిల్లకి ఎలా తెలుస్తుంది? అందుకే మా క్లాసులో మొదటి వారం రోజులు −3¼ అని కనబడ్డ ప్రతిచోటా బ్రాకెట్ పెట్టించేదాన్ని: −(3 + ¼). బ్రాకెట్ తీస్తే −3 − ¼. మూడు బాకీ, పావు బాకీ. పాప చేత ఈ ఒక్క మెట్టు రాయించండి, ఆ తప్పు మళ్లీ రాదు.

ఇక మీ జవాబు. ఎలా చేశారో మీరు రాయలేదు గానీ జవాబు చూస్తే తెలిసిపోతోంది. మీరు పావుని బాకీలోనే ఉంచారు. −3, 1 కలిపితే −2. −¼, ½ కలిపితే +¼. ఇక్కడి వరకు అంతా కరెక్ట్. చేతిలో ఉన్నది −2 + ¼. రెండు లీటర్లు బాకీ ఉంది, అందులో పావు లీటరు పోసేశాం. అంటే బాకీ రెండు కంటే తగ్గాలి కదా? కానీ −2నీ ¼నీ దగ్గరికి జరిపి −2¼ అని రాసేసరికి బాకీ రెండుంపావుకి పెరిగిపోయింది. పోసిన పాలు మళ్లీ బాకీలో పడ్డాయి.

ఈ మెట్టు దగ్గర నాకొక పాత సంగతి గుర్తొస్తుంది. ఒక పిల్లవాడు పరీక్ష పేపరులో జవాబుగా −2 + ¼ అని రాసి ఆపేశాడు. నేను పక్కన ఇంటూ కొట్టి సున్నా వేశాను. మర్నాడు వాడు పేపరు పట్టుకొచ్చి, ‘టీచర్, ఇందులో తప్పు ఎక్కడ?’ అని అడిగాడు. తప్పు ఎక్కడా లేదు. ఒక్క మెట్టు మిగిలింది, అంతే. వాడికి మార్కులు ఇచ్చాను గానీ, ఆ ఎర్ర గుర్తు చూసి రాత్రంతా వాడు ఏమనుకున్నాడో అని ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటి నుంచి పేపరు దిద్దేటప్పుడు జవాబు ఒక్కటే చూడటం మానేశాను. మీరూ పాప నోట్సులో చివరి లైను చూసి వదిలేయకండి. ఎంత దూరం సరిగ్గా వచ్చిందో వేలు పెట్టి చూపించండి, ‘ఇక్కడిదాకా బాగా చేశావు’ అని చెప్పండి.

−2 + ¼ నుంచి జవాబుకి ఎలా వెళ్లాలి? రెండు లీటర్ల బాకీలో ఒక లీటరుని విడిగా తీసి నాలుగు పావులు చేయండి. ఒక పావు తీరింది, మూడు పావులు మిగిలాయి. కదపని లీటరు ఒకటి. మొత్తం ఒకటిముప్పావు బాకీ. వంద నోటు చిల్లర మార్చినట్టే.

ఇంత తిరుగుడు వద్దనుకుంటే, మొదటే అంతా చిల్లర చేసేయడం ఇంకా తేలిక. దీన్ని పాపకి చింతపిక్కలతో చూపించండి. అష్టాచెమ్మా ఆడటానికి ఒకవైపు అరగదీసిన పిక్కలు ఇంట్లో ఉంటే మరీ మంచిది. ఒక్కో పిక్క ఒక పావు లీటరు. నల్లవైపు పైకి ఉంటే బాకీ, తెల్లవైపు పైకి ఉంటే జమ. మూడుంపావు లీటర్ల బాకీకి ఎన్ని నల్లవి? లీటరుకి నాలుగు చొప్పున మూడు లీటర్లకి పన్నెండు, ఇంకో పావుకి ఒకటి, మొత్తం పదమూడు. వరసగా పేర్చమనండి. లీటరున్నర జమకి ఆరు తెల్లవి. ఒక్కో నల్లదాని కింద ఒక్కో తెల్లదాన్ని పెట్టి, ఆ జత తీసేయమనండి. చెల్లుకు చెల్లు. ఆరు జతలు పోతాయి. ఏడు నల్ల పిక్కలు మిగులుతాయి. నాలుగు కలిస్తే ఒక లీటరు, మిగతా మూడు ముప్పావు. అన్నీ నల్లవే కాబట్టి −1¾.

ఇది చేతులతో చేశాక పుస్తకంలో ఉన్నది పాపకి అర్థం అయి తీరుతుంది. 3¼ని 13/4గా మార్చడమే పదమూడు పిక్కలు పేర్చడం. 1½ అంటే 3/2, దాన్ని పావుల్లో చెబితే 6/4. −13/4 + 6/4 = −7/4. అపక్రమ భిన్నం అనే పేరు వినగానే పిల్లలు భయపడతారు. అది చిల్లరలో చెప్పిన లెక్క. హారం పిక్క ఎంత పెద్దదో చెబుతుంది, లవం ఎన్ని పిక్కలో చెబుతుంది. పరీక్షలో ఏ పద్ధతి మంచిదని అడుగుతారేమో. రుణ గుర్తులు కలిసిన మిశ్రమ భిన్నాలకి నేనైతే ఈ పద్ధతే చెబుతాను. మీరు జారిన మెట్టు ఇందులో అసలు రాదు. పూర్ణాంకం పెద్దదైతే, అంటే 48⅓ లాంటివైతే, విడదీసి చేయడం తేలిక. అది తర్వాత అలవాటు అవుతుంది.

హారాలు వేరైనప్పుడు పిక్కల సైజు వేరవుతుంది. మూడోవంతు పిక్కల్నీ పావు పిక్కల్నీ జత చేస్తే చెల్లు కాదు. రెండింటినీ పన్నెండో వంతు పిక్కలుగా మార్చాలి. 2⅓కి −4¾ కలపాలి అనుకోండి. 2⅓ అంటే 7/3, పన్నెండో వంతుల్లో 28. 4¾ అంటే 19/4, పన్నెండో వంతుల్లో 57. తెల్లవి 28, నల్లవి 57. ఇరవై ఎనిమిది జతలు పోగా 29 నల్లవి మిగులుతాయి. −29/12, అంటే −2 5/12. క.సా.గు. కట్టేది ఇందుకే, ఇద్దరికీ సరిపోయే పిక్క సైజు వెతకడానికి. హారాలన్నీ గుణించుకుంటూ పోకుండా వాటి కనిష్ఠ సామాన్య గుణిజంతో భిన్నాలు కూడే తోవని 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు చెప్పాడు. ఆయన గణిత గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పద్యాలుగా తెలుగులోకి తెచ్చింది పావులూరి మల్లన. పాప నోట్సులో క.సా.గు. మొన్న ఎవరో కొత్తగా తెచ్చిపెట్టింది కాదని చెప్పండి. పిల్లలకి ఇలాంటివి వింటే ఉత్సాహం వస్తుంది.

ధనం, రుణం అన్న పేర్లూ అలాగే వచ్చాయి. 628లో బ్రహ్మగుప్తుడు తన గ్రంథంలో రాసిన నియమాలు ఇవి: రెండు ధనాలు కలిపితే ధనం, రెండు రుణాలు కలిపితే రుణం, ధనాన్నీ రుణాన్నీ కలిపితే వాటి తేడా, రెండూ సమానమైతే సున్నా. మీ అత్తగారు వాడిక చీటీలో ఇదే చేస్తున్నారు. రుణ సంఖ్య అంటే అప్పు సంఖ్యే. పాఠ్యపుస్తకం ఆ పేరే పెట్టింది, కానీ క్లాసులో మనం మైనస్ అనడం అలవాటై ఆ పేరులో ఉన్న అర్థాన్ని పిల్లలకి దూరం చేశాం. తెలుగు మీడియం అయినా ఇంగ్లీషు మీడియం అయినా, రుణం అంటే బాకీ అని ఇంట్లో ఒక్కసారి చెబితే చాలు.

ఇప్పుడు సూత్రాల సంగతి. ‘గుర్తులు వేరైతే తీసేసి పెద్దదాని గుర్తు పెట్టు’ అని ట్యూషన్లలో బట్టీ పట్టిస్తారు. ఈ వాక్యం మీద నాకు చాలా కాలంగా అభ్యంతరం ఉంది. అంతకుముందు పాఠంలోనే పిల్లలు నేర్చుకుని ఉంటారు, −3¼ కంటే 1½ పెద్దదని. సంఖ్యారేఖ మీద కుడివైపు ఉన్నదే పెద్దది. మరి పెద్దదాని గుర్తు పెట్టమంటే తెలివైన పిల్ల ఏం చేస్తుంది? ప్లస్ పెడుతుంది. తప్పంటాం. పాఠాన్ని శ్రద్ధగా విన్న పిల్లకే ఇక్కడ దెబ్బ తగులుతుంది. గుర్తు వదిలేసి చూసినప్పుడు ఏది పెద్దదో దాని గుర్తు అని చెప్పాలి. అంతకంటే తేలిక, ‘బాకీ ఎక్కువా, జమ ఎక్కువా?’ అని అడగడం. పాప పెన్ను పట్టకముందే ఈ ప్రశ్న అడగండి. మూడుంపావు బాకీ, ఒకటిన్నర జమ. బాకీ ఎక్కువ, జవాబు మైనస్ అవుతుంది. ఒకటిన్నర తీరింది కాబట్టి మిగిలేది రెండు లోపే. ఇంత అంచనా ముందే వేసుకుంటే −2¾ రాగానే పాపకే అనుమానం వస్తుంది. ఎవరూ ఇంటూ కొట్టక్కర్లేదు.

రెండూ బాకీలే అయితే చెప్పేదేమీ లేదు. −1½, −2¾ కలిపితే బాకీలు రెండూ కలిసి −4¼. మైనస్, మైనస్ కలిస్తే ప్లస్ అనే మాట ఇక్కడ పిల్లలు తెచ్చి పెట్టేస్తారు. అది గుణకారంలోది. రెండు బాకీలు కలిపితే ధనవంతులం అవుతామా అని అడగండి, చాలు.

పాపకి బాకీల లెక్క విసుగొస్తే ఒక ఆదివారం విజయవాడ తీసుకురండి. నల్లపాడు నుంచి ఎంత దూరం! ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 12 అడుగులని పేపర్లో తరచూ చూస్తుంటారు. ఆ 12 అడుగుల్ని సున్నా అనుకోమనండి. పైకి ప్లస్, కిందికి మైనస్. పుస్తకంలో అడ్డంగా ఉండే సంఖ్యారేఖ ఇక్కడ నిలువుగా నిలబడి ఉంటుంది, ఘాట్ మెట్లు దిగుతూ కళ్లతో చూడొచ్చు. నీళ్లు 10¾ అడుగుల దగ్గర ఉన్నాయి అనుకుందాం. సున్నాకి ఒకటింపావు కింద, అంటే −1¼. ఎగువ నుంచి వరద వచ్చి మట్టం రెండున్నర అడుగులు పెరిగింది. −1¼ + 2½. ముందు ఒకటింపావు ఎక్కితే సున్నా దగ్గరికి వస్తాం, రెండున్నరలో ఇంకా ఒకటింపావు మిగిలి ఉంది, అంత పైకి. జవాబు +1¼, నీళ్లు 13¼ అడుగుల దగ్గర. పాపని ఒక మెట్టు మీద నిలబెట్టి అదే సున్నా అనుకోమనండి. రెండు మెట్లు దిగమనండి, మూడు మెట్లు ఎక్కమనండి. సగం మెట్టు, పావు మెట్టు ఎక్కడ ఉంటుందో చేత్తో చూపించమనండి. మా పిల్లల్ని అలా తీసుకెళ్లినప్పుడు, మైనస్‌లో ఒకటింపావు అంటే ఒకటికి పైన కాదు, ఒకటికి ఇంకా కింద అని ఒక అమ్మాయి తనంతట తనే అరిచి చెప్పింది. పాప చేసిన తప్పు సరిగ్గా ఆ చోటిదే. నీళ్ల దగ్గర జాగ్రత్త, చెయ్యి పట్టుకునే ఉండండి.

ట్యూషన్ మార్చాలా అన్నారు. ఇప్పుడే వద్దు. ఆ మాస్టారు జవాబు సరిగ్గానే చెప్పారు. పాప ఎందుకు అని అడగలేకపోయింది, అంతే. ఒకసారి మీరే వెళ్లి, జవాబు కాక పాప ఎక్కడ జారిందో చూపించమని అడగండి. చూపిస్తే అక్కడే ఉంచండి. అంత తీరిక లేదంటే అప్పుడు ఆలోచించండి. ఈ లెక్క వరకు మీరూ అత్తగారూ చాలు.

దెబ్బ గురించి మీరు దాచకుండా రాశారు, అందుకని నేనూ సూటిగా చెబుతాను. పాపకి టెన్షన్ పుట్టింది మైనస్ గుర్తు వల్ల కాదు, ఆ రాత్రి వల్ల. ఇవాళ దగ్గర కూర్చోబెట్టుకుని, ‘ఆ రోజు నాకూ తప్పే వచ్చింది, నా జవాబు కూడా రైట్ కాదు, కొట్టడం నా తప్పు’ అని చెప్పండి. మీ −2¼ ఎక్కడ జారిందో పాప చేతే పట్టించండి. అమ్మ తప్పుని తను దిద్దిన రోజు పిల్లకి వచ్చే ధైర్యం ఏ ట్యూషన్‌లోనూ దొరకదు.

ఆ తర్వాత పిక్కలతో మూడు లెక్కలు చేయించండి. 5⅙కి −2½ కలపమనండి. −4½కి 4½ కలపమనండి, ఈ ఒక్కదానికి పిక్కలు కూడా అక్కర్లేదు, అత్తగారిని అడిగితే చెల్లు అనేస్తారు. చివరగా −6⅔కి 2¼. జవాబులు వరసగా 2⅔, 0, −4 5/12. మొదటిదాన్ని విడదీసి చేస్తే 3 − ⅓ దగ్గర ఆగుతుంది, మీరు ఆగినచోటే, కాకపోతే జమ వైపు. అక్కడ పాపకి మీరేమీ చెప్పకండి, కాసేపు చూడండి.